ఉద్యోగం ఇప్పిస్తామని మన దగ్గరే డబ్బు గుంజుతారా? సేల్స్ ట్రైనింగ్ దోపిడీ మీద కదలండి!

జూపాడు బంగ్లా మండలం అన్నలారా, అక్కలారా! డిగ్రీ పట్టా బీరువాలో పెట్టి ఫోను కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఒక్క మాట అడుగుతాం, జవాబు చెప్పండి. పని చేసినోడికి కూలి ఇవ్వాలా? పని అడిగినోడి దగ్గరే డబ్బు వసూలు చేయాలా?

మిరప కోతకు పోయే అక్క రైతుకు ఎదురు డబ్బు కట్టి చేలో దిగుతుందా? దిగదు! హమాలీ అన్న షావుకారికి ఫీజు కట్టి మూట ఎత్తుతాడా? ఎత్తడు! మరి డిగ్రీ చదివిన మన పిల్లోడు సేల్స్ ఉద్యోగం కోసం యాభై వేలు, లక్ష, లక్షన్నర ఎందుకు కడుతున్నాడు? ఎవరికి కడుతున్నాడు? ఆ డబ్బు యాడ నుంచి వస్తోంది?

యాడ నుంచో మనకు తెలుసు. అమ్మ పొదుపు సంఘంలో తెచ్చిన లోను. నాయన శనగలు అమ్మిన డబ్బు. అక్క మెళ్లో గొలుసు. అదంతా పోయి ఎవడిదో ఏసీ ఆఫీసు బాడుగకు సరిపోతోంది!

ఫోను ఇట్లా వస్తుంది

"సార్, మీ ప్రొఫైల్ సెలెక్ట్ అయింది. నలభై ఐదు రోజుల ఇంటెన్సివ్ ట్రైనింగ్. తర్వాత సేల్స్ కెరీర్. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్. ఐదే సీట్లున్నాయి. సాయంత్రం లోపల కట్టకపోతే సీటు వేరేవాళ్లకు పోతుంది."

ఆ గొంతు తియ్యగా ఉంటుంది. 'సార్' అంటుంది. మన పిల్లోణ్ణి సార్ అని పిలిచినోళ్లు అంతకుముందు ఎవరున్నారు?

నంద్యాల బ్యాంకు కోచింగ్ అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో తెలియనోళ్లు లేరు. రూము తీసుకుని, మెస్సులో తిని, ప్రిలిమ్స్ అని, మెయిన్స్ అని ఏళ్లు గడిపిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది! అర మార్కులో పోయినోళ్లు ఎంతమంది! వయసు ముప్పైకి దగ్గర పడుతుంది. పెళ్లి సంబంధం వస్తే 'అబ్బాయి ఏం చేస్తాడు' అని అడుగుతారు. నాయన తల గోక్కుంటాడు. సరిగ్గా అప్పుడు మోగుతుంది ఆ ఫోను! ఎవరికి చేయాలో, ఎప్పుడు చేయాలో వాళ్లకు బాగా తెలుసు. మన కష్టాన్ని లెక్కేసుకునే వాళ్లు వల వేస్తారు.

మరి ఇక్కడే పని దొరికితే ఆ ఫోను ఎవరు ఎత్తుతారు? పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ మన మండలంలోనే ఉంది. శ్రీశైలం నీళ్లు మన కళ్ల ముందే గేట్లు దాటి కడపకు, నెల్లూరుకు, చెన్నైకి పోతాయి. ఆ నీళ్ల వెనకే మన పిల్లలూ పోతున్నారు, హైదరాబాదుకు, బెంగళూరుకు! తంగెడంచలో మెగా సీడ్ పార్కు అన్నారు. 2017లో శంకుస్థాపన చేసినారు. మైకులు పెట్టి చప్పట్లు కొట్టించినారు. ఆ పార్కులో ఉద్యోగం చేసి జీతం తెస్తున్న పిల్లోడు మీ వీధిలో ఒక్కడున్నాడా? 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది. బోర్డులు మారినాయి. మన పిల్లోడి బతుకు మారిందా?

ట్రైనింగ్‌లో ఏం నేర్పుతారో చూడండి!

ఒక తమ్ముడి నోటుబుక్కు మేము చూసినాం. మొదటి పేజీలో 'నా కల' అని రాయించినారు. కారు. డాబా ఇల్లు. అమ్మకు గాజులు. పేజీ తిప్పితే ఒకటి నుంచి నూరు దాకా నంబర్లు. 'నీకు తెలిసిన నూరు మంది పేర్లు రాయి' అన్నారంట. మొదటి పేరు మేనమామది. తర్వాత చిన్నాయన. ఆ తర్వాత లెక్కలు చెప్పిన సారు. ఎరువుల అంగడి అన్న. చెల్లెలి అత్తగారు. ప్రతి పేరు పక్కన మూడు గడులు గీసినారు. ఎంత నమ్ముతారు? ఏం అవసరం ఉంది? ఎంత పెట్టగలరు? చెల్లెలి అత్తగారి పేరు పక్కన మూడో గడిలో ఆ తమ్ముడి చేతిరాతే ఉంది, 'బంగారం ఉంది' అని.

అన్నా! అక్కా! చెల్లెలి అత్తగారింట్లో బంగారం లెక్క రాయించేది ఏం చదువు? దీన్నా కెరీర్ అంటారు?

పొద్దున ఏడింటికే నిలబెట్టి 'నేను గెలుస్తా, నేను గెలుస్తా' అని అరిపిస్తారు. టై కొనిపిస్తారు. అప్పు తీసుకుని కొన్న చొక్కాతో ఫొటో దిగి స్టేటస్ పెట్టమంటారు. 'నెగెటివ్ మనుషులతో మాట్లాడొద్దు' అంటారు. ఎవరయ్యా ఆ నెగెటివ్ మనుషులు? 'ఎంత కట్టినావు నాయనా, రసీదు ఇచ్చినారా' అని అడిగే అమ్మ! 'వెనక్కి వచ్చెయ్ రా' అనే నాయన! కన్నోళ్లనే శత్రువులుగా చూపించేవాడు నీకు మేలు చేసేవాడా?

నలభై ఐదు రోజులు అయిపోతాయి. ఉద్యోగం ఏదని అడిగితే 'నువ్వు ముగ్గుర్ని చేర్పించు, నీ ఫీజు నీకు వచ్చేస్తుంది' అంటారు. ఇంతకాలం అమ్మకం నేర్చుకున్నాం అనుకున్నాడు పాపం పిల్లోడు. అమ్ముడుపోయింది తనే! ఇంక అమ్మాల్సింది మేనమామను, చిన్నాయనను, లెక్కల సారును!

ఇది ఇవాళ కొత్తగా వచ్చిందా? కాదు!

అగ్రిగోల్డ్ గుర్తుందా? 32 లక్షల మంది డిపాజిటర్లు. 6,380 కోట్ల రూపాయలు. ఆ డబ్బు ఎవరు కట్టించినారు? విజయవాడ నుంచి పెద్ద సార్లు వచ్చి మన గడప తొక్కినారా? లేదు! మన ఊరి ఏజెంటే వచ్చినాడు. మన బంధువే, మన పక్కింటోడే. వాణ్ణీ మీటింగులు పెట్టి, కమీషన్ చూపించి, కలలు చెప్పి తయారు చేసినారు. కంపెనీ మూతపడినాక జనం యాడ కూర్చున్నారు? ఏజెంటు ఇంటి ముందర! వాడి పెండ్లాం పిల్లలు వీధిలో తలెత్తుకోలేకపోయినారు. పైనోడు కోర్టులో లాయర్లను పెట్టుకున్నాడు. కిందోడు ఊరిడిచి పోయినాడు. కొంతమంది ప్రాణాలే తీసుకున్నారు.

స్వప్నలోక్ గుర్తుందా? 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాదులో ఆ కాంప్లెక్సుకు నిప్పంటుకుంది. పొగలో ఊపిరాడక ఆరుగురు చనిపోయినారు. నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. అందరూ ఇరవైల్లో ఉన్నోళ్లే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి వచ్చినోళ్లు. మార్కెటింగ్ కాల్ సెంటర్‌లో పని. దాని వెనక క్యూనెట్ అనే గొలుసుకట్టు అమ్మకాల కంపెనీ వ్యాపారం ఉందని, ఉద్యోగం పేరు చెప్పి ఒక్కొక్కరి దగ్గర లక్షలు కట్టించుకున్నారని అప్పుడు పత్రికలన్నీ రాసినాయి. అంతకు ముందు 2019లోనే సైబరాబాద్ పోలీసులు క్యూనెట్ మీద కేసులు పెట్టి పదుల మందిని అరెస్టు చేసినారు. అయినా పిల్లలు చేరుతూనే ఉన్నారు. ఎందుకు? పత్రికలో వచ్చిన వార్త పల్లె దాకా రాలేదు. ఫోను మాత్రం వచ్చింది!

జీతం కోసం పోయిన బిడ్డ శవమై ఇంటికొస్తే, ఆ అమ్మకు మిగిలింది ఏంది? కట్టిన డబ్బుకు తెచ్చిన అప్పు!

సేల్స్ పని తప్పని మేం అంటున్నామా?

అనడం లేదు! అమ్మడం గౌరవమైన పని. విత్తనాల కంపెనీలో ఫీల్డ్‌లో తిరిగే తమ్ముడు, మందుల కంపెనీ రెప్, బైకు షోరూములో నిలబడే చెల్లెలు, ఎల్ఐసీ ఏజెంటు అన్న, వీళ్లందరూ చెమటోడ్చే కార్మికులే. బ్యాంకు పరీక్ష వదిలి సేల్స్‌లోకి మారుతానంటే మారు తమ్ముడూ. సిగ్గుపడొద్దు. జీతానికి మారు, అప్పులోకి మారొద్దు!

ఆ పని ఎంత కష్టమో కూడా మాట్లాడుకుందాం. పొద్దున నందికొట్కూరులో మొదలుపెట్టి ఆత్మకూరు దాకా బండి మీద తిరగాలి. పెట్రోలు సొంతం. పంక్చరు సొంతం. సాయంత్రం లొకేషన్ పెట్టాలి, ఫొటో పెట్టాలి, టార్గెట్ లెక్క పెట్టాలి. టార్గెట్ తప్పితే జీతం ఆపుతారు. పత్తి విత్తనం మొలవకపోతే రైతు యాడికి పోతాడు? కంపెనీ ఎండీ దగ్గరికి పోతాడా? మన పిల్లోడి గల్లా పట్టుకుంటాడు! ఆ రైతు మన పెద్దనాయనే. ఆ పిల్లోడూ మన బిడ్డే. ఇద్దరినీ కొట్లాడించి నవ్వుకునేది ఎవరు?

మందుల కంపెనీ రెప్‌లను చూడండి. మీరు కార్మికుల కిందికి రారు పొమ్మని కంపెనీలు అన్నాయి. 1961లో మే అండ్ బేకర్ కేసులో సుప్రీంకోర్టూ అదే మాట అన్నది. రెప్‌లు ఇంట్లో కూర్చున్నారా? సంఘం కట్టినారు. ఏళ్ల తరబడి కొట్లాడినారు. 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది. నియామక పత్రం ఇవ్వాలి, సెలవులు ఇవ్వాలి అని ఆ చట్టం చెప్పింది. 2020లో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ నియామక పత్రం ఇవ్వాలనే ఉంది. మనకు దొరికేది ఏంది? వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్! అందులో జీతం అంకె ఉండదు. 'కమీషన్ బేసిస్' అని మాత్రం ఉంటుంది.

ఉచితంగా నేర్పాల్సినోళ్లు ఏమైనారు?

ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ పెట్టినారు. పల్లె పిల్లలకు ఇంగ్లీషు, కంప్యూటరు, దుకాణంలో అమ్మకం నేర్పి ఉద్యోగాలకు పంపినారు. 2014 సెప్టెంబరులో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చింది. 15 నుంచి 35 ఏళ్ల లోపు పల్లె పేద పిల్లలకు ఒక్క రూపాయి ఫీజు లేదు. నేర్చుకున్న నూరు మందిలో 70 మందికి ఉద్యోగం చూపించాలని నిబంధన ఉంది. రిటైల్ అమ్మకాల కోర్సు కూడా అందులో ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి, అక్కడా ఫీజు లేదు.

ఇవన్నీ మనలో ఎంతమందికి తెలుసు? ఏ సచివాలయం గోడ మీద రాసినారు? ఎవరు దండోరా వేయించినారు?

2023 సెప్టెంబరు 9న స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడిని అరెస్టు చేసింది మన నంద్యాలలోనే. రాష్ట్రమంతా అట్టుడికింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది కోర్టుల పని. మేము అడిగేది ఒక్కటే. శిక్షణ పేరు మీద మీరూ మీరూ ఇంత కొట్లాడుకున్నారు కదా, జూపాడు బంగ్లా పిల్లోడికి అందిన శిక్షణ ఎంత? ప్రభుత్వం తలుపు మూసుకుంటే, కన్సల్టెన్సీవాడు అంగడి తెరుస్తాడు!

డబ్బు కట్టే ముందు ఐదు మాటలు అడుగు!

ఒకటి: జీతం ఎంత? ఇచ్చే కంపెనీ ఏది? కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిస్తావా?

రెండు: ఉద్యోగం ఖాయమైతే ఫీజు ఇప్పుడెందుకు? నా మొదటి జీతంలో కోసుకుంటావా?

మూడు: రసీదు ఏ పేరు మీద ఇస్తావు? సంస్థ ఖాతాకు కట్టమంటావా, నీ సొంత ఫోన్‌పేకా?

నాలుగు: పోయినసారి నేర్చుకున్న పదిమంది ఇప్పుడు యాడ పనిచేస్తున్నారు? వాళ్లతో మాట్లాడిస్తావా?

ఐదు: నాకు డబ్బు సరుకు అమ్మితే వస్తుందా, మనిషిని చేర్పిస్తే వస్తుందా?

ఐదో ప్రశ్నకు వాడు నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్! మనుషుల్ని చేర్పిస్తే డబ్బు అనే గొలుసు పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. 2021 చివర్లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు పిరమిడ్ పథకాలు నడపకూడదని తేల్చి చెప్పినాయి. కోచింగ్ సెంటర్లు ఉద్యోగం గ్యారంటీ అని అబద్ధపు ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంకో మాట. 'ఫీజు ఇప్పుడు కట్టక్కర్లేదు, నెలనెలా కట్టుకో, ఒక ఓటీపీ వస్తుంది చెప్పు' అంటే చెప్పొద్దు! నీ పేరు మీద లోను పుడుతుంది. సెంటరుకు తాళం పడినా కిస్తీ ఆగదు. రికవరీ వాడు నీకే కాదు, నీ ఫోనులో ఉన్న మేనమామకూ ఫోను చేస్తాడు.

ఇప్పటికే మోసపోయినావా? తల దించుకోవద్దు!

నువ్వు దొంగవు కాదు. నువ్వు తెలివితక్కువోడివీ కాదు. పని అడగడం నేరమా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దగ్గరికి రానియ్యొద్దు. లక్ష అప్పు తీరుతుంది. నువ్వు పోతే మీ అమ్మకు ఎవరు తెచ్చిస్తారు?

ఫోను మార్చొద్దు. చాటింగు చెరిపెయ్యొద్దు. కట్టిన స్క్రీన్‌షాట్లు, కాల్ రికార్డింగులు, ఇచ్చిన పుస్తకాలు, గుర్తింపు కార్డు అన్నీ దాచిపెట్టు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చెయ్యి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వెయ్యొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు.

'ఆఫీసు హైదరాబాదులో ఉంది కదా, అక్కడికి పో' అని స్టేషనులో అంటే కదలొద్దు! 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం యాడ జరిగినా ఇక్కడే జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. గట్టిగా అడుగు. నలుగురిని వెంట పెట్టుకుని పోయి అడుగు.

ఒక్క కాగితంతో ఏమైతుందని అనుకోవద్దు. 2014 మేలో ఆమ్‌వే అనే గొలుసుకట్టు అమ్మకాల కంపెనీ ఇండియా సీఈఓను గుర్గావ్ పోయి పట్టుకొచ్చింది ఎవరు? మన కర్నూలు పోలీసులే! ఆయనకు తర్వాత బెయిల్ వచ్చింది, కంపెనీ నడుస్తూనే ఉంది, అది వేరే సంగతి. కర్నూలులో పడిన ఫిర్యాదు కాగితం ఢిల్లీ పక్కన కూర్చున్న సీఈఓ దాకా పోయింది! మన ఫిర్యాదు హైదరాబాదు దాకా పోదా?

మా డిమాండ్లు ఇవి!

నంద్యాల, నందికొట్కూరు, ఆత్మకూరులో ఉద్యోగం పేరు చెప్పి ఫీజు తీసుకునే ప్రతి సెంటరునూ అధికారులు తనిఖీ చేయాలి. ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమందికి జీతం వచ్చింది, ఆ జాబితా గేటు ముందర అంటించాలి!

మోసపోయినోళ్ల ఫిర్యాదులు తీసుకోవడానికి మండలంలో ప్రత్యేకంగా ఒక రోజు పెట్టాలి!

డిగ్రీ కాలేజీల్లో జాబ్ మేళా అంటూ ఎవడు పడితే వాడు టేబులు వేసుకోకుండా ముందు కంపెనీ కాగితాలు చూడాలి!

జూపాడు బంగ్లాలో ఉచిత శిక్షణ కేంద్రం పెట్టాలి. అమ్మకాలు, దుకాణం లెక్కలు, కంప్యూటరు, మాట్లాడే ఇంగ్లీషు నేర్పాలి. నేర్చుకునే రోజుల్లో బస్సు చార్జీ, భోజనం ఇవ్వాలి!

తంగెడంచ భూముల్లో వచ్చే ప్రతి ఉద్యోగంలో మన మండలం పిల్లలకు ముందు చోటు ఇవ్వాలి!

అన్నలారా, అక్కలారా! వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు జూపాడు బంగ్లా బస్టాండు దగ్గరికి రండి. అక్కడి నుంచి అందరం కలిసి తహసీల్దారు ఆఫీసుకు పోదాం. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఒక్కడు ఇచ్చే అర్జీ ఫైలులో పోతుంది. మూడు వందల మంది ఇచ్చే అర్జీ కలెక్టరు బల్ల మీదికి పోతుంది!

రసీదులు తెచ్చుకోండి. రసీదు లేకపోతే స్క్రీన్‌షాట్ తెచ్చుకోండి. అదీ లేకపోతే మీరు రండి, మీ మాటే సాక్ష్యం! పొదుపు సంఘం అక్కలూ, మీ సంఘంలో తీసుకున్న లోను ఏ ట్రైనింగుకు పోయిందో మీకే తెలుసు, మీరు ముందు నడవండి! తంగెడంచ, పారుమంచాల, తరిగోపుల, మండ్లెం, బన్నూరు, తూడిచెర్ల తమ్ముళ్లూ, ఊరికొక ఆటో మాట్లాడుకోండి! ఈ కరపత్రం చదవడం రాని పెద్దలకు చదివి వినిపించండి. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టండి. ఆ నూరు పేర్ల జాబితా రాసిన తమ్ముళ్లూ, అదే జాబితా తీయండి. ఆ నూరు మందికీ ఫోను చెయ్యండి. ఈసారి డబ్బు కట్టమని కాదు, సోమవారం రమ్మని!

ఉద్యోగం పేరుతో ఫీజుల దోపిడీ నశించాలి!
జీతం కాగితం లేని ట్రైనింగు మాకొద్దు!
ఉచిత శిక్షణ మా హక్కు!
కదలండి, సోమవారం జూపాడు బంగ్లాకు!

ఇట్లు,
మోసపోయిన యువత, వాళ్ల తల్లిదండ్రులు
జూపాడు బంగ్లా మండలం, నంద్యాల జిల్లా